బండ మీద ఆరబెట్టిన కండెలు

వీరభద్రప్ప మగ్గం మీద కూర్చున్నాక ఆ ఇంట్లో ఎవరూ గడియారం చూడరు. ముందు గదిలో గుంత మగ్గం టకటకమంటూ ఉంటే భార్య కస్తూరమ్మ కాఫీ పెడుతుంది, కొడుకు నాగేష్ ఆదోని బస్సుకు పరుగెడతాడు, కోడలు పద్మ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తుంది. మధ్యలో మగ్గం కాసేపు ఆగుతుంది. కండె మీద చుట్టిన నూలు అయిపోయిందన్నమాట. వీరభద్రప్ప బుట్టలోంచి ఇంకో కండె తీసి, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి, నాడె పక్కనున్న చిన్న కంతకు పెదవులు ఆనించి, పోగును ఒక్క పీల్పుతో బయటికి లాగుతాడు. మళ్ళీ టకటక మొదలవుతుంది. ఎమ్మిగనూరులో ఆయన ఈడు నేతగాళ్ళందరికీ అది అలవాటే. నోట్లో నూలు తగలని రోజు వాళ్ళకు గుర్తుండదు.

ఆ రోజూ అలాగే తెల్లవారింది. నాగేష్ టిఫిన్ డబ్బా మరిచిపోయి సందు చివరి నుంచి వెనక్కొచ్చాడు, తల్లి చేత రెండు తిట్లు తిన్నాడు, జిన్నింగ్ మిల్లుకు ఆలస్యమవుతుందంటూ మళ్ళీ పరుగెత్తాడు. పద్మ నవ్వుకుంటూ బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. టమాటా మొక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

మొక్కల కింద గోరింక ఒకటి వెల్లకిలా పడి ఉంది. పసుపు ముక్కు తెరుచుకునే ఉంది. కాలికి పసుపు పోగు చుట్టుకుని ఉంది. ఆ పోగు పద్మ కట్టిందే.

పద్మ పుట్టిల్లు కోసిగి. వాన మొహం చాటేసిన ఏడాదల్లా వాళ్ళమ్మా నాన్నా మూటాముల్లే కట్టుకుని గుంటూరు మిరపతోటలకు కూలికి పోయేవాళ్ళు. చిన్నప్పుడు పద్మ వాకిట్లో చిక్కుడు గింజ పెట్టేది. పూత రాకముందే ఇంటికి తాళం పడేది. తిరిగొచ్చేసరికి ఎండిన తీగ మిగిలేది. తన చేత్తో పెట్టిన చెట్టు కాయ తను తిన్న పాపాన పోలేదు. అందుకే పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక పెరటి నేలంతా తవ్వి టమాటా, చిక్కుడు, వంగ, మెంతికూర వేసింది. ఇక్కడినుంచి తననెవరూ ఎక్కడికీ తీసుకుపోరని ఆ మొక్కల్ని చూసినప్పుడల్లా ఆమెకు ధైర్యంగా ఉండేది.

అది పిట్టలకేం తెలుసు? టమాటా ఎరుపెక్కితే చాలు చిలకలు వాలేవి. గోరింకలు చిక్కుడు పూత రాల్చేవి. పిచ్చుకలు మెంతి మొలకల్ని వేళ్ళతో సహా పీకేవి. పైగా మామ రోజూ మగ్గం ఎక్కేముందు పెరటి గోడ మీద గుప్పెడు జొన్నలు చల్లేవాడు. వాళ్ళ నాన్న చల్లేవాడట, వాళ్ళ తాతా చల్లేవాడట. పోయిన నెలలో పద్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"మామా, నువ్వు జొన్నలేసి పిలుస్తాండావు, అవొచ్చి నా సెట్లు తింటాండాయి. నీకు పిట్టలు కావాల్నా, కూరగాయలు కావాల్నా?"

వీరభద్రప్ప నవ్వి ఊరుకున్నాడు. ఆ తరవాత పిట్టలు తగ్గాయా అంటే, రెట్టింపయ్యాయి. తను అడిగినందుకు మామ పంతం పట్టి, చాటుగా ఇంకా ఎక్కువ చల్లుతున్నాడని పద్మ ఖాయంగా నమ్మింది. లోపల కోపం ఉడికిపోయింది. మొక్కల మీదుగా అడ్డదిడ్డంగా దారాలు కట్టింది. చిలకలు వాటిని కొరికి పారేశాయి. అప్పుడే ఆ వీధిలోనే ఉంటూ పత్తి చేను గుత్తకు చేసే ఉచ్చీరప్ప, కవరులో మిగిలిన పురుగుల మందు పొడి ఇచ్చాడు.

"నీళ్ళలో కలిపి సల్లమ్మా. ఒక్క పిట్ట వాలితే నన్నడుగు," అన్నాడు.

తినే కాయల మీద మందు చల్లడానికి పద్మకు మనసొప్పలేదు. పోగుకు పట్టిస్తే సరిపోతుందిగా అనుకుంది. కొరికిన పిట్టకు నోరు చేదెక్కి మళ్ళీ రాదు, కాయలకూ ఏమీ కాదు. ఎంత తెలివైనదాన్నో అని తనను తానే మెచ్చుకుంది కూడా. మామ బుట్టలోంచి నాలుగు పసుపు కండెలు తీసి మందు నీళ్ళలో ముంచింది. రెండింటి నూలు టమాటాలకు కట్టింది. చిక్కుడు పందిరికని మిగిలిన రెండూ బట్టలుతికే బండ మీద ఆరబెట్టింది.

చస్తాయని ఆమె అనుకోలేదు. మామ చూస్తే ఏమంటాడు? గబగబా గోడ మూల గుంత తీసి పూడ్చింది. చేతులు సబ్బుతో కడిగింది, చాలక మళ్ళీ కడిగింది. ఇక ఆ దరిద్రపు మందు జోలికి పోకూడదు, మిగిలిన కండెల్నీ పూడ్చేయాలి అనుకుంటూ బండ వైపు తిరిగింది.

బండ ఖాళీగా ఉంది.

కింద వెతికింది. బకెట్ వెనక, తులసి కుండీ వెనక చూసింది. వంటింటి గడప దగ్గర కస్తూరమ్మ బియ్యం చెరుగుతోంది.

"అత్తా, బండ మీద రెండు కండెలుండె. సూసినావా?"

"నువ్వా ఆడ పెట్టింది? పిల్లి గిన ఈడ్చుకొచ్చిందేమో అనుకుంటి." కస్తూరమ్మ తలెత్తలేదు. "నిండు కండెలు, ఎండకు రంగు పోదా? నిన్న సాయంత్రమే బుట్టలో ఏసినా."

"ఏ బుట్టలో?"

"ఏ బుట్ట ఏందే, మగ్గం కాడి బుట్ట. మనింట్లో ఎవరన్నా నూలు పారేస్తారా?"

అప్పుడే ముందు గదిలో మగ్గం ఆగింది.

పద్మ పరుగెత్తింది. గడప తగిలి కాలి గోరు లేచిపోయినా ఆమెకు తెలియలేదు. ఆమె వెళ్ళేసరికి వీరభద్రప్ప నాడెను పెదవుల దగ్గరినుంచి దించుతున్నాడు. కంతలోంచి పసుపు పోగు బయటికొచ్చి వేలాడుతోంది.

"మామా! నోట్లో పెట్టుకుంటివా?"

"పెట్టుకోకుంటే అదే నడిసి వస్తాదా?" ఆయన నవ్వబోయి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "పాపా, ఆ కిటికీ తెరువు. ఇందాకట్నించి పోగులు రెండ్రెండుగా కనపడ్తాండాయి. నోట్లో ఒకటే నీళ్ళూరతాండాయి."

పద్మకు పుట్టినూరు గుర్తొచ్చింది. కోసిగిలో ఒకసారి పత్తికి మందు కొట్టి వచ్చిన మనిషి ఇదే మాట అన్నాడు. తలుపు రెండుగా కనిపిస్తోందని నవ్వుతూ అన్నాడు. ఆ మనిషిని మధ్యాహ్నానికి మంచం మీద మోసుకుపోయారు. మంచం ఖాళీగా తిరిగొచ్చింది.

ఇందాకట్నించి అంటున్నాడు. అంటే ఈ కండె కాదు, ముందే ఒకటి అయిపోయి ఉండాలి. నేల మీద ఖాళీ కండెలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నీ ఒకటే రంగు, ఒకటే పొడవు. తను ముంచినవేవో తనకే తెలియడం లేదు.

చెప్పకుండా ఆసుపత్రికి తీసుకుపోతే ఏమవుతుందనే ఆలోచన ఆమెకు రాలేదని అనను. వచ్చింది. ఎండదెబ్బ అనుకుంటారు, పెద్దతనం అనుకుంటారు, తన పేరు బయటికి రాదు. కానీ ఏం మందో తెలియకుండా డాక్టరు ఏం చేస్తాడు? ఎదురుగా ఉన్న మనిషి తనను కోడలా అని పిలవడు, పాపా అంటాడు.

"మామా, ఆ నూలుకు మందుంది. పురుగుల మందు. పిట్టలకని నేనే పట్టిచ్చినా."

వెనకే వచ్చిన కస్తూరమ్మ చేతిలోని చేట జారి, బియ్యం గదంతా చిందాయి.

"ఏమంటివే? మల్లొకసారి సెప్పు!"

"నేనే సేసినా అత్తా. బండ మీద ఆరబెట్టినవి అవే."

"అయ్యో, నా సేత్తో నేనే బుట్టలో ఏస్తినే! నా మొగునికి నా సేత్తో..." కస్తూరమ్మ గుండెలు బాదుకుంది. మరుక్షణం కోడలి భుజాలు పట్టి ఊపేసింది. "కాయలకోసరం మనిషిని సంపుతావా? నీ తోట తగలడ!"

"కస్తూరీ, గమ్మునుండు," అన్నాడు వీరభద్రప్ప. "ముందు ఆటో పిలవండి."

ఆయన మగ్గం గుంతలోంచి పైకి లేవబోయాడు. రోజూ ఒంటిచేత్తో ఆనుకుని లేచే మనిషి, కాళ్ళు వణికి మళ్ళీ కూలబడ్డాడు. ఇందాక తిట్టిన అత్తా, తిట్లు తిన్న కోడలూ చెరో చంక కిందా చేతులేసి పైకి లాగారు. ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. పద్మ ఉచ్చీరప్ప ఇచ్చిన కవరు వెతికి కొంగున కట్టుకుంది. పక్కింటి ప్రభుదాసు ఆటో సందుల్లో ఎగిరెగిరి పడుతుంటే, ఆయన నోటి చివరినుంచి కారుతున్న నురగను తుడుస్తూ, దారిపొడుగునా ఒకటే మాట అంది, "మామా, నిద్రపోవద్దు. మామా, నాతో మాట్లాడు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి టార్చి వేసి చూసింది.

"ఎందుకు తాగాడు? ఇంట్లో గొడవా?"

"తాగలేదమ్మా," అంది కస్తూరమ్మ ఏడుస్తూ. "మగ్గం నేసినాడంతే."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పద్మ కవరు ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"కవరు తెచ్చావు, మంచి పని చేశావు. ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో వెంటనే తెలిసింది," అంది డాక్టరమ్మ. ఆ మెచ్చుకోలు పద్మకు చెంపదెబ్బలా తగిలింది.

వీరభద్రప్పను లోపలికి తీసుకుపోయారు. బయట బెంచీ మీద అత్తాకోడళ్ళు ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చున్నారు. పద్మ నాగేష్‌కు రెండోసారి ఫోన్ చేస్తే, బస్సు దొరికిందనీ వస్తున్నాననీ చెప్పాడు. ఎలా జరిగిందని అడిగాడు. చెప్పింది. అతను ఫోన్ పెట్టేశాడు.

"నీకు తెల్సునా?" అంది కస్తూరమ్మ ఉన్నట్టుండి. అరుపు లేదు, గొంతు బొంగురుపోయింది. "నువ్వు ఆ పొద్దు అడిగినావు సూడు, పిట్టలు కావాల్నా, కూరగాయలు కావాల్నా అని. మరుసటి దినం నించి ఆయప్ప జొన్నలు ఏసేది మానుకున్నాడు."

"మానుకున్నాడా?"

"పాప మొదటిసారి నోరు తెరిసి ఒకటి అడిగింది కస్తూరీ, నేను కాదంటే ఈ ఇల్లు తనదనుకుంటాదా అన్నాడు. వాళ్ళ నాయిన పోయిన దినం కూడా మానలేదు ఆ పని. పొద్దున్నే గోడ దిక్కు సూసి, గమ్మున వచ్చి మగ్గం ఎక్కుతాండె."

పద్మకు అప్పుడు అర్థమైంది. జొన్నలు దొరక్కనే పిట్టలు రెట్టింపుగా తన తోట మీద పడ్డాయి. రోజూ తిండి పెట్టిన గోడ ఖాళీగా ఉంటే అవి మాత్రం ఎక్కడికి పోతాయి? పంతం పట్టాడని తను పళ్ళు కొరికిన రోజుల్లోనే ఆయన తనకోసం తాతల నాటి అలవాటు వదులుకున్నాడు. ఆమె బెంచీ మీదనుంచి జారి అత్త కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. కస్తూరమ్మ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. చెయ్యీ వేయలేదు.

ఇంతలో నర్సు తలుపు తీసింది. "పద్మ అంటే ఎవరు? పెద్దాయన ఊరుకోవడం లేదు."

వీరభద్రప్ప ముక్కుకు గొట్టం ఉంది. నాలుక పిడచకట్టి మాట ముద్దగా వస్తోంది.

"ఎన్ని కండెలు పాపా?"

"రెండు మామా."

"లక్ష్మీనారాయణ... పసుపు నూలు తక్కువ పడిందని పొద్దున వచ్చినాడు. నేను బుట్టలోంచి పిడికెడు ఇచ్చినా. పో!"

లక్ష్మీనారాయణ వాళ్ళ వీధిలోనే చివరింట్లో ఉంటాడు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మగ్గం మీదున్నవాడు ఫోనెందుకు ఎత్తుతాడు? పద్మ పరుగెత్తుకెళ్ళి ప్రభుదాసు ఆటోలో పడింది.

వీధిలో అన్ని ఇళ్ళలోంచీ మగ్గాల చప్పుడే. వాటిలో లక్ష్మీనారాయణది ఏదో తెలుసుకోవాలని పద్మ చెవులు రిక్కించి పరుగెత్తింది. ఆడుతోంది. చివరింటి మగ్గం ఇంకా ఆడుతోంది. దేవుడా, ఆడనీ. ఆమె ఆ ఇంటి అరుగు ఎక్కిందో లేదో, చప్పుడు ఆగిపోయింది.

లోపల లక్ష్మీనారాయణ నాడె పైకెత్తి పెదవుల దగ్గరికి తెచ్చుకున్నాడు. పద్మ ఒక్క దెబ్బతో దాన్ని ఎగరగొట్టింది. నాడె వెళ్ళి గోడకు తగిలి, పసుపు నూలు నేలంతా విప్పుకుంది.

"పిచ్చి గిన పట్టిందా నీకు?"

"మామ ఇచ్చిన కండెలు ఎన్ని పెట్టినావన్నా? సెప్పన్నా! నోట్లో ఎన్ని పెట్టినావు?"

"ఇదే మొదటిది. ఇంతసేపూ నా సొంతవే ఆడిస్తాంటి. ఏమయింది?"

పద్మ అక్కడే గోడకు ఆనుకుని చతికిలబడి, అరుపు విని గుమిగూడిన వీధి జనం ముందు మొత్తం చెప్పింది. పిట్టల సంగతి, మందు సంగతి, మామ సంగతి. ఎవరు ఏమనుకుంటారన్న జంకు అప్పటికి పోయింది. వెనకెక్కడో నిలబడ్డ ఉచ్చీరప్ప తల దించుకున్నాడు. లక్ష్మీనారాయణ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

రెండు ఇళ్ళలోని పసుపు కండెలన్నీ ఊరి బయట లోతుగా పూడ్చారు. రెండోది ఆ పిడికెట్లో ఉందో, మామ బుట్టలోనే మిగిలిందో, ముందే మామ నాడెలోకి పోయిందో ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మందు పోగులు తగిలిన టమాటా మొక్కల్ని పద్మే పీకేసింది. కాయలతో సహా గుంతలో వేసి మట్టి కప్పేటప్పుడు ఆమెకు కన్నీళ్ళు రాలేదు. ఆ రాత్రి నాగేష్ ఆమెను ఏమీ అనలేదు, దగ్గరికీ రాలేదు. తెల్లవారి మాత్రం గ్లాసుతో కాఫీ తెచ్చి పక్కన పెట్టి, "నాయిన ఇడ్లీ తిన్నాడంట," అన్నాడు. అప్పుడు ఏడ్చింది.

వీరభద్రప్ప ఇంటికొచ్చి, కొన్నాళ్ళు మంచం మీదే ఉన్నాడు. కళ్ళు తేటపడ్డాక ఒక పొద్దున స్నానం చేసి, మగ్గానికి దండం పెట్టుకుని గుంతలోకి దిగాడు. వంటింట్లో పద్మ పోపు గరిటె పట్టుకుని చప్పుడు కోసం ఎదురుచూసింది. ఆవాలు మాడిపోయాయి. చప్పుడు రాలేదు.

భయం భయంగా వెళ్ళి తొంగి చూసింది. ఆయన చేతిలో నాడె ఉంది. పెదవుల దాకా తెస్తున్నాడు, దించుతున్నాడు. మళ్ళీ తెస్తున్నాడు.

"భయమైతాంది పాపా," అన్నాడు, తప్పు చేసి దొరికినట్టు. "సిన్నప్పట్నించీ సేసిన పని. నోరు తెరుసుకోదు."

ఆయన నోటికి తను చేసింది ఇదన్నమాట. పద్మ వెళ్ళి, బజారునుంచి వచ్చిన కొత్త నూలు ముడి విప్పి, ఆయన కళ్ళెదుటే రాట్నం ముందు కూర్చుంది. ఈ ఇంటికొచ్చి మూడేళ్ళయినా ఆమె ఎప్పుడూ కండె పట్టలేదు. నూలు తెగింది, చిక్కుపడింది. ఎలాగో ఒక కండె వంకరటింకరగా చుట్టి, నాడెలో పెట్టి, తన పెదవులకు ఆనించుకుంది.

"వద్దు పాపా!" వీరభద్రప్ప చెయ్యి చాచాడు.

ఆమె పీల్చింది. పోగు రాలేదు. నూగు గొంతులో పడి దగ్గొచ్చింది. మళ్ళీ పీల్చింది.

"అట్ల కాదు," అన్నాడాయన, చాచిన చెయ్యి మరిచిపోయి. "పెదాలు గట్టిగా ఆనించు. గాలి పోనీకు. ఒకే తూరి లాగు."

పోగు నాలుక మీదికి వచ్చింది. పద్మ దాన్ని బయటికి తీసి, నాడె ఆయన ముందు పెట్టి, గుంత గట్టు మీద కూర్చుంది.

"కొంచేపు ఈడనే కూసుంటా మామా. నాకేమన్నా అయితే నీకు తెలుస్తాది కదా. ఇంక ఈ ఇంట్లో కండెలన్నీ నేనే పడతా. ప్రతిదీ ముందు నా నోట్లోకి పోయినాకనే నీ సేతికొస్తాది."

వీరభద్రప్ప కళ్ళు నిండిపోయాయి. గుమ్మంలో నిలబడి అంతా చూసిన కస్తూరమ్మ ముక్కు చీదుకుంటూ లోపలికి పోయింది. తిరిగొచ్చి, ఆసుపత్రి నాటి తరవాత మొదటిసారిగా, తనంతట తాను కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో గుప్పెడు జొన్నలు పోసింది.

"పో, గోడ మీద ఏసి రా. ఇన్ని దినాలు పస్తున్నాయి."

పద్మ పెరట్లో జొన్నలు చల్లి, వెనక్కి వచ్చి నిలబడింది. ఒక్క పిట్టా రాలేదు. చిక్కుడు పందిరి మీద కూడా ఏమీ లేదు. ఇక రావేమో అని ఆమెకు భయమేసింది. వెనక ముందు గదిలో మగ్గం మొదలైంది. కాసేపు టకటకమని ఆడింది. ఆమె చుట్టిన కండె చిన్నది, నూలు తొందరగా అయిపోయినట్టుంది. మగ్గం ఆగింది.

పద్మ ఊపిరి బిగపట్టి నిలబడిపోయింది.

"పాపా," లోపలినుంచి పిలుపు వినిపించింది. "కండె అయిపోయింది, రా."

ఆమె పరుగెత్తింది. వెనక గోడ మీద పిచ్చుక ఒకటి వచ్చి వాలింది. పద్మ అది చూడనే లేదు.